సీసాకి ఇంటిపేరుంది, కూరకి లేదు

ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోకండి. దక్షిణాఫ్రికా ద్రాక్షతోటల్లో తిరిగొచ్చినవాళ్ళని ఎవర్ని కదిపినా వైన్ గురించే చెప్తారు. ఫోటోలూ అంతే. వెనక నీలం కొండ, ముందు పొడుగు కాడ గ్లాసు, మధ్యలో మనిషి. నా అభిప్రాయం వేరు. అక్కడ నిజంగా రుచి చూడాల్సింది గ్లాసులో లేదు, దాని పక్కన పెట్టిన కంచంలో ఉంది. ఆ తోటల కథని సీసా సగమే చెప్తుంది, అదీ యజమాని వైపు సగం. మిగతా సగం వంటింట్లో ఉండిపోయింది. డబ్బు తీసుకుని తోట చూపించేవాళ్ళు ఆ సగం కూడా చెప్పి తీరాలన్నది నా వాదన.

ఈ వాదన చేయడానికి నీకేం అర్హత ఉంది అంటే, పెద్దగా లేదు. సివిల్, మూడో సంవత్సరం. మా బావగారి ఉద్యోగం కేప్‌టౌన్‌లో. పోయిన వేసవి సెలవుల్లో అక్క దగ్గర ఐదు వారాలున్నాను. మనకి ఎండాకాలం సెలవులంటే వాళ్ళకి చలికాలం మొదలన్నమాట. ద్రాక్ష కోతలు జనవరిలో మొదలై మార్చి, ఏప్రిల్‌కల్లా అయిపోతాయి. నేను వెళ్ళేసరికి తీగల మీద పండు లేదు, ఆకులు పసుపు, ఎరుపు తిరిగి రాలుతున్నాయి. మూడు వారాంతాల్లో మూడు చోట్లకి తీసుకెళ్ళారు: స్టెలెన్‌బాష్, ఫ్రాన్ష్‌హూక్, కాన్‌స్టాన్షియా. మద్యం తాగడానికి అక్కడి చట్టం ఒప్పుకునే వయసు 18, మన దగ్గర 21. నా వయసు ఈ రెండిటి మధ్యలో ఉంది. నేను తాగానా లేదా అన్నది ఈ వ్యాసానికి అనవసరం. మా అమ్మ ఈ పత్రిక చదువుతుంది.

తెలియనివాళ్ళ కోసం, అసలు ఈ ఔటింగ్ అంటే ఏంటో చెప్తాను. కేప్‌టౌన్ నుంచి తూర్పుకి ఓ యాభై కిలోమీటర్లు వెళ్తే స్టెలెన్‌బాష్. ఊరి చుట్టూ కొండలు, కొండల కింద తోటలు, తోటల్లో సున్నం కొట్టిన తెల్లటి గోడలు, గడ్డి కప్పు, ముందు వంపులు తిరిగిన త్రికోణపు గోడ ఉన్న పాత డచ్చి బంగళాలు. 1971లో ముగ్గురు రైతులు కలిసి, ఫ్రాన్స్‌లో ఉన్న పద్ధతి చూసి, మా తోటలకి ఎవరైనా రావొచ్చు, రుచి చూసి కొనుక్కోవచ్చు అని ఒక వైన్ దారి మొదలుపెట్టారు. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు ప్రతి లోయకీ ఒక దారి ఉంది. ఫ్రాన్ష్‌హూక్‌లోనైతే 2012 నుంచి ట్రామ్ కూడా. పాత రైలు పట్టాల మీద నెమ్మదిగా వెళ్తుంది, నచ్చిన తోట దగ్గర దిగొచ్చు, మళ్ళీ ఎక్కొచ్చు. తాగి కారు నడపకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఇంజినీరింగ్ పరిష్కారం నేను చూడలేదు.

తోటలోకి వెళ్ళాక బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఐదో ఆరో గ్లాసుల్లో, అడుగున తడి అయ్యేంత పోస్తారు. పక్కనే ఒక గిన్నె ఉంటుంది, ఉమ్మడానికి. అవును, ఉమ్మడానికే. పుక్కిలించి ఉమ్మేస్తే మర్యాద తక్కువేం కాదు. తెలిసినవాళ్ళు చేసే పనే అది. తాగని వాళ్ళకి ద్రాక్షరసం ఇస్తారు. ప్రతి గ్లాసుకీ జోడీగా ఒక తిండి: చీజ్ ముక్క, చాక్లెట్ ముక్క, బిల్టాంగ్ అనే ఎండు మాంసం. ఈ జోడీలు కలపడం వాళ్ళకి పెద్ద శాస్త్రం. మన మెస్‌లో పప్పుకి వడియం, సాంబారుకి అప్పడం అని ఎవరూ పాఠం చెప్పరు కానీ సూత్రం అదే.

రుచుల్ని వర్ణించే భాష దగ్గర మాత్రం నాకు నవ్వొచ్చింది. పోస్తున్న కుర్రాడు చాలా శ్రద్ధగా, ఇందులో గూస్‌బెర్రీ ఉంది, తడిసిన రాయి ఉంది, కోసిన గడ్డి ఉంది అంటున్నాడు. బావగారు వాసన చూసి, "తొలకరికి మన పొలం గట్టు మీద వచ్చే వాసన కదా ఇది," అన్నారు. అక్క ఒక గుక్క తాగి, "నేరేడు పండు తిన్నాక నాలుక పట్టినట్టు లేదూ?" అంది. ఆ కుర్రాడికి నేరేడు తెలీదు. మాకు గూస్‌బెర్రీ తెలీదు. ఎవరి పరీక్షలో ఎవరు తప్పారు? చిన్నప్పుడు ఏం తిన్నామో అదే మన నాలుకకి నిఘంటువు. ఎవరో బర్గండీలో రాసిన నిఘంటువుని అందరూ బట్టీ పట్టాలనడం నాకు ఇంటర్‌లో రికార్డు కాపీ కొట్టించినట్టే అనిపించింది.

ఇది నా ఒక్కదాని గోల కాదు. న్‌ట్సికి బియేలా అని ఒకామె ఉంది. దక్షిణాఫ్రికాలో మొదటి నల్లజాతి మహిళా వైన్ తయారీదారు. క్వాజులు-నటాల్‌లో పల్లెటూరు. స్కూలయ్యాక ఇళ్ళల్లో పని చేసింది. స్కాలర్‌షిప్ వస్తే స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. అప్పటికి ఆమె జీవితంలో వైన్ రుచి చూడలేదు. పాఠాలేమో ఆఫ్రికాన్స్ భాషలో, ఆ భాష ఆమెకి రాదు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సెమిస్టర్‌లో వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మనవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. చదువు పూర్తిచేసి, 2004లో ఒక కంపెనీలో వైన్ తయారీకి చేరింది. తర్వాత సొంత కంపెనీ పెట్టి, తనని పెంచిన అవ్వ పేరు పెట్టింది: అస్లీనా. ఇంకోటి. 2017లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ వైన్ రుచి పోటీకి జింబాబ్వే తరఫున నలుగురు వెళ్ళారు. నలుగురూ బతుకుదెరువుకి దక్షిణాఫ్రికా వచ్చి రెస్టారెంట్లలో పనిచేసినవాళ్ళు. వాళ్ళ మీద "బ్లైండ్ ఆంబిషన్" అని డాక్యుమెంటరీ ఉంది. సెమిస్టర్ సెలవుల్లో చూడండి, క్రికెట్ సినిమాకేం తీసిపోదు.

సరే, అసలు విషయానికి వద్దాం. చరిత్ర.

అక్కడ తోట చూపించే ప్రతి చోటా చరిత్ర చెప్తారు, అదీ గర్వంగా. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ వాన్ రీబెక్ వచ్చి కేప్‌లో దిగాడు. ఓడలకి కూరగాయలు, మాంసం అందించే మజిలీ కోసం. 1659 ఫిబ్రవరి 2న మొదటిసారి కేప్ ద్రాక్షతో వైన్ తీశామని డైరీలో రాసుకున్నాడు. ఇంత కచ్చితంగా పుట్టినరోజు తెలిసిన వైన్ పరిశ్రమ ఇంకోటి ఉందో లేదో! 1679లో సైమన్ వాన్ డర్ స్టెల్ స్టెలెన్‌బాష్ ఊరు పెట్టాడు, తన పేరే కలిసొచ్చేలా. 1685లో కాన్‌స్టాన్షియా భూమి తన పేర రాయించుకున్నాడు. ఆ తీపి వైన్ యూరప్ రాజుల బల్లల మీదకి వెళ్ళింది. సెయింట్ హెలీనా ద్వీపంలో బందీగా ఉన్న నెపోలియన్ కూడా అదే తెప్పించుకున్నాడు. 1688లో ఫ్రాన్స్‌లో మతహింస తప్పించుకుని హ్యూగెనో ప్రొటెస్టెంట్లు వచ్చారు. వాళ్ళకి ఇచ్చిన లోయే ఫ్రాన్ష్‌హూక్. అంటే ఫ్రెంచివాళ్ళ మూల.

ఇక్కడ నేను ఒక్కసారి ఆగిపోయాను. మాది బందరు. మా ఊళ్ళో పరాసుపేట ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. వలందపాలెం ఉంది. వలందులంటే డచ్చివాళ్ళు. ఇంగ్లీషుపాలెం సరే, చెప్పక్కర్లేదు. డచ్చి కంపెనీ బందరులో కొట్టు తెరిచింది 1605లో, అంటే కేప్‌లో దిగడానికి 47 ఏళ్ళ ముందు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ మా ఊళ్ళో ఉన్నాయి. ఆరో తరగతిలో పిక్నిక్కి తీసుకెళ్ళారు. కాబట్టి ఫ్రాన్ష్‌హూక్‌లో ట్రామ్ దిగి బోర్డు చూడగానే నాకు అర్థమైంది ఇదీ పరాసుపేటే అని. మా పరాసుపేటలో ఇడ్లీ బండి ఉంటుంది, ఇక్కడ పీపాల గది ఉంది. అంతే తేడా. కంపెనీ ఒకటే, సముద్రం ఒకటే.

అదే కంపెనీ ఈ తీరం నుంచి ఆ తీరానికి ఏం మోసుకెళ్ళింది? బట్టలు, మిరియాలు అని మనం చదువుకున్నాం. మనుషుల్ని కూడా. 1658 నుంచి కేప్‌కి బానిసల్ని ఓడల్లో తేవడం మొదలైంది. 1808లో ఆ వ్యాపారం ఆగేదాకా సుమారు 60 వేల మందిని తెచ్చారని చరిత్రకారుల లెక్క. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మన ఉపఖండం నుంచి: బెంగాల్, మలబారు, కోరమాండల్. మిగతావాళ్ళు మడగాస్కర్, మొజాంబిక్, ఇప్పటి ఇండోనేషియా దీవులు. కోరమాండల్ అంటే మన కోస్తాతో కలిపి తమిళ తీరం దాకా. కరువొచ్చినప్పుడల్లా ఈ తీరంలో కంపెనీ కొనుగోళ్ళు పెరిగేవి. తిండిలేక అమ్ముడుపోయినవాళ్ళన్నమాట. ఎక్కువమంది బటావియాకి, సింహళానికి పోయారు. కొందరు కేప్‌కి చేరారు. అక్కడి దస్తావేజుల్లో వాళ్ళకి ఇంటిపేర్లుండవు. పేరు పక్కన ఊరో తీరమో ఉంటుంది: ఫలానా "వాన్ కోరమాండల్", ఫలానా "వాన్ బెంగాల్". అసలు పేరు పలకడం రానప్పుడు, ఇష్టం లేనప్పుడు, నెల పేరు పెట్టేశారు. ఫిబ్రవరి, ఏప్రిల్, సెప్టెంబర్. ఆ నెలలే ఇవాళ కేప్‌లో వేల కుటుంబాల ఇంటిపేర్లు.

ద్రాక్ష తీగలు నాటింది, కొండరాళ్ళు మోసింది, ఆ తెల్ల బంగళాలు కట్టింది, పీపాలు దొర్లించింది వీళ్ళు. 18వ శతాబ్దం చివరికి ఆ కాలనీలో స్వతంత్ర డచ్చి పౌరుల కంటే బానిసలే ఎక్కువమంది. ఇంకో విచిత్రం చూడండి: స్టెలెన్‌బాష్ స్థాపకుడు సైమన్ వాన్ డర్ స్టెల్‌కే అమ్మమ్మ ఒక భారతీయురాలు, బానిసగా ఉండి విడుదలైన మోనికా అనే ఆమె. ఆ మనవడు బానిసల్ని పెట్టుకుని తోట వేశాడు. దీన్నేమనాలో నాకు తెలియలేదు.

మేం వెళ్ళిన ఒక తోటలో గైడ్ దాదాపు ముప్పావుగంట మాట్లాడింది. పేరు చెప్పను. ఓక్ చెట్ల వయసు చెప్పింది, బంగళా తలుపు కలప చెప్పింది, ఏ యజమాని కూతుర్ని ఏ యజమాని చేసుకున్నాడో చెప్పింది. పని చేసినవాళ్ళ గురించి ఒక్క వాక్యం లేదు. నేను అడిగాను, ఈ గోడలు ఎవరు కట్టారని. "అప్పట్లో పనివాళ్ళు ఉండేవాళ్ళు," అని నవ్వి, మమ్మల్ని తర్వాతి గదిలోకి తీసుకెళ్ళింది. బయటికొచ్చాక బావగారు, "ఏమ్మా, ఆదివారం పూట కూడా సోషల్ క్లాసేనా? హాయిగా తిని పడుకుందాం," అన్నారు.

బావగారి మాట కొట్టిపారేసేది కాదు. రోజంతా ఆఫీసులో నలిగినవాళ్ళు వారానికో రోజు కొండగాలికి వస్తే, వాళ్ళ మీద మూడొందల ఏళ్ళ దుఃఖం రుద్దడమేంటి? ఇదే వాదన చాలామంది చేస్తారు. కానీ నా జవాబు ఇది. చరిత్రని బల్ల మీదకి తెచ్చింది నేను కాదు, వాళ్ళు. సీసా మీద 1685 అని అచ్చేసింది వాళ్ళు. హ్యూగెనో వంశవృక్షం గోడకి వేలాడదీసింది వాళ్ళు. ఆ పాతదనానికి కలిపి రేటు కట్టింది వాళ్ళు. చరిత్రని ధరలో కలిపి అమ్మేటప్పుడు సగం తూకం వేయకూడదు కదా. కిరాణా కొట్టువాడు చేస్తే ఒప్పుకుంటామా? అసలు చరిత్రే వద్దు, మంచి ద్రాక్షరసం, చల్లటి గాలి చాలు అనే తోట ఉంటే నాకేం పేచీ లేదు. అలాంటి తోట నాకు కనపడలేదు.

అందరూ దాస్తున్నారని కూడా అనను. గ్రూట్ కాన్‌స్టాన్షియాలో వాన్ డర్ స్టెల్ భూమిలోని పెద్ద ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ పల్లెల్లో బానిసల బతుకు ఎలా ఉండేదో చూపిస్తారు. చూశాక కూడా జనం బయటికొచ్చి నవ్వుతూనే తిన్నారు, వైన్ అమ్ముడుపోతూనే ఉంది. నిజం చెప్తే గిరాకీ పడిపోతుందన్న భయానికి ఆధారం నాకైతే కనపడలేదు.

ఇప్పుడు కంచం దగ్గరికొద్దాం, నాకిష్టమైన చోటికి.

కేప్ తోటల రెస్టారెంట్లలో ఎక్కడికెళ్ళినా మెనూలో బబూటీ ఉంటుంది. కైమాలో పసుపు, మసాలా కారం, ఎండుద్రాక్ష, కొంచెం ఆప్రికాట్ జామ్ వేసి, పైన గుడ్డూ పాలూ గిలక్కొట్టి పోసి, బిర్యానీ ఆకులు గుచ్చి పొయ్యిలో కాలుస్తారు. పక్కన పసుపన్నం, అందులోనూ ఎండుద్రాక్ష. మేం గొర్రెమాంసంతో చేసింది తీసుకున్నాం. మొదటి ముద్దకి అక్కా నేనూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. తీపి ఎక్కువే, కారం మనకి చాలదు, కానీ వేయించిన పసుపు వాసన, ధనియాల వాసన, అది మనకి పరాయిది కాదు. ఇలాంటి వంటని కేప్ మలయ్ వంట అంటారు. ఆ పేరు కూడా పూర్తి నిజం కాదు. మలయ్ అన్నది అన్ని తీరాల నుంచి వచ్చిన బానిసలకి కలిపి తగిలించిన ముద్ర. వాళ్ళు యజమానుల వంటిళ్ళలో దొరికిన మాంసంతో, గుర్తున్న మసాలాతో కట్టిన వంట అది.

మాటలు చూడండి. అక్కడ మామిడికాయ ఊరగాయని "అచార్" అంటారు. తెల్లవాళ్ళ సూపర్‌మార్కెట్లో కొత్తిమీర కట్ట మీద "ధనియా" అని రాసి ఉంటుంది. వంకాయ "బ్రింజాల్". సమోసా అదే, రోటీ అదే. చిన్న కమలాపండుని "నార్చీ" అంటారు. అది తమిళ "నారత్తై" నుంచి వచ్చిందని నిఘంటువులే చెప్తున్నాయి, మన నారింజ చుట్టమే. ఆదివారం పొద్దున్నే కేప్‌టౌన్ బో-కాప్ పేటలో "కుసిస్టర్" అమ్ముతారు. సోంపు, దాల్చినచెక్క, ఎండబెట్టిన నార్చీ తొక్క వేసిన పిండిని నూనెలో వేయించి, పాకంలో ముంచి, కొబ్బరికోరులో దొర్లిస్తారు. డచ్చి సంతతివాళ్ళు అదే పేరుకి దగ్గరగా జడలా అల్లిన ఇంకో తీపి చేస్తారు, అది కరకరలాడుతుంది. రెండూ తిన్నాను. నా ఓటు కొబ్బరికోరుకే, కోనసీమవాళ్ళు అర్థం చేసుకుంటారు.

(డర్బన్ సంగతేంటి అని అడిగేవాళ్ళకి: ఆ కథ వేరు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో మొదలై, చెరకు తోటల కూలికి ఒప్పందాల మీద వెళ్ళినవాళ్ళు, వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. అక్కడ తెలుగు సంఘాలున్నాయి, ఇంటిపేర్లు మిగిలాయి. కేప్ వాళ్ళకి అదీ మిగల్లేదు. వాళ్ళకి మిగిలింది వంట.)

ఆ భోజనం చేసిన చోట అక్క ఊరుకోకుండా, బబూటీ చేసిందెవరో చూడొచ్చా అని అడిగింది. యాభై దాటిన ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నారంటే, వాళ్ళమ్మ దగ్గర, ఆవిడ వాళ్ళమ్మ దగ్గర. మీరెక్కడివాళ్ళు అని మమ్మల్ని అడిగింది. ఇండియా, తూర్పు తీరం అన్నాం. "మా వాళ్ళూ అటువైపు నుంచే అంటారు, ఎక్కడో తెలీదు," అంది. పేరు చెప్పింది. ఇంటిపేరు ఒక నెల పేరు. మెనూ కార్డులో ప్రతి వైన్ పక్కనా తోట పేరు, తయారీదారు పేరు, సంవత్సరం ఉన్నాయి. బబూటీ పక్కన ధర ఒక్కటే ఉంది.

నా వాదనంతా ఆ కార్డు మీదే. ఇంకో గీత అచ్చేయడానికి ఏమవుతుంది?

కంచంలో సగం ఎందుకు ముఖ్యమంటే, సీసాలో సగానికి ఒక చీకటి ఉంది, అది పాతకాలంది కూడా కాదు. 1834లో కేప్‌లో బానిసత్వం రద్దయింది. అప్రెంటిస్ పేరుతో ఇంకో నాలుగేళ్ళు కట్టిపడేశారు. ఆ తర్వాత కూడా కూలిలో కొంత భాగం డబ్బుగా కాకుండా చవక వైన్‌గా ఇచ్చేవాళ్ళు. రోజులో నాలుగైదుసార్లు, పొద్దున పని మొదలవగానే ఒక డబ్బాడు. దాన్ని "డాప్" పద్ధతి అన్నారు. అమ్ముడుపోని వైన్ ఖర్చవుతుంది, కూలివాడు అలవాటు పడి ఎటూ పోడు. యజమానికి రెండు లాభాలు. 1960ల మొదట్లో చట్టం నిషేధించినా, చాలా తోటల్లో 1990ల దాకా నడిచింది. తల్లి తాగిన మద్యం వల్ల కడుపులో బిడ్డకి కలిగే లోపాలు ప్రపంచంలోనే అత్యధికంగా నమోదైన ప్రాంతాల్లో ఈ వెస్టర్న్ కేప్ ఒకటి. సారా మీద నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో ఎందుకు తిరగబడ్డారో ఇంట్లో విన్నవాళ్ళకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. నేను వాసన చూసిన గ్లాసులో గూస్‌బెర్రీ ఉందో లేదో కానీ ఇది మాత్రం ఉంది.

2012లో డి డోర్న్స్ అనే ఊళ్ళో కూలీలు సమ్మెకి దిగారు. అవి వైన్ తోటలు కావు, తినే ద్రాక్ష తోటలు, కానీ కొండ ఇవతల అందరి కూలీ అదే: రోజుకి 69 రాండ్లు. 150 అడిగారు. దారులు మూసేశారు, తోటలు తగలబడ్డాయి, ముగ్గురు చనిపోయారు. మరుసటి ఏడు కనీస కూలి 105 రాండ్లు చేశారు. ఇవాళ చాలా తోటల్లో ఒక మనిషి టేస్టింగ్ రుసుము ఆ పాత రోజుకూలి కంటే ఎక్కువే.

అందుకని వెళ్ళొద్దా? అలా అనను. 2020లో కరోనాకి దక్షిణాఫ్రికా ప్రభుత్వం మద్యం అమ్మకాలు ఒకటి కంటే ఎక్కువసార్లు పూర్తిగా ఆపేసింది. అప్పుడు దెబ్బతిన్నది యజమానులొక్కళ్ళే కాదు. గ్లాసులు కడిగేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, ఆ బబూటీ ఆవిడలాంటివాళ్ళు. బహిష్కరిస్తే ముందు పోయేది వాళ్ళ పని. వెళ్ళండి, ఎక్కడికెళ్తున్నారో చూసుకుని వెళ్ళండి. కూలీల పరిస్థితులు తనిఖీ చేసి ముద్ర ఇచ్చే సంస్థ ఒకటి 2002 నుంచి ఉంది, వియెటా అని. ఆ ముద్ర సీసా మీద కనిపిస్తుంది. ముద్ర ఉంటే అంతా బాగున్నట్టు కాదు, కానీ లేని సీసా కంటే నయం. కూలీల ట్రస్టుకి మూడో వంతు వాటా ఇచ్చిన సోల్మ్స్-డెల్టా లాంటి తోట ఫ్రాన్ష్‌హూక్ లోయలోనే వచ్చింది. బానిసల పేర్లతో మ్యూజియం పెట్టింది కూడా వాళ్ళే. తర్వాత ఆర్థికంగా కూలబడింది. మంచి మనసుతో వ్యాపారం నిలబడదని కొందరు దాన్ని వేలెత్తి చూపిస్తారు. చెడ్డ మనసుతో పెట్టి కూలిన తోటల లెక్క ఎవరూ తీయరు.

సివిల్ దాన్ని కాబట్టి నీళ్ళ గురించి ఒక్క మాట అనకుండా ఉండలేను. 2018లో కేప్‌టౌన్‌లో మనిషికి రోజుకి 50 లీటర్లు మాత్రమే వాడాలని నిబంధన పెట్టారు. కుళాయిలు ఆగిపోయే రోజుకి తేదీ కూడా లెక్కేశారు. ఈ తోటలన్నీ ఆ కొండల నీళ్ళ మీదే బతుకుతాయి, ప్రతి తోటలో ఒక చెరువు తళతళలాడుతుంది, ఫోటోల్లో బాగుంటుంది. గ్లాసులో ఆ నీళ్ళు కూడా ఉన్నాయి. దీని మీద వేరే వ్యాసం రాయాలి, ఎడిటర్‌గారు చోటిస్తే.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకోకపోతే బాగోదు. పినొటాజ్ అనే వాళ్ళ సొంత ద్రాక్ష కథ నాకు బాగా నచ్చింది. 1925లో పెరోల్డ్ అనే ప్రొఫెసర్ స్టెలెన్‌బాష్‌లో రెండు రకాల ద్రాక్షల్ని కలిపితే నాలుగు గింజలొచ్చాయి. ఇంటి తోటలో నాటి, తర్వాత ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. తోట శుభ్రం చేయడానికి మనుషులొచ్చిన రోజు, అటుగా సైకిల్ మీద పోతున్న ఒక కుర్ర లెక్చరర్ గుర్తుపట్టి ఆ నాలుగు మొక్కల్నీ కాపాడాడని చెప్తారు. ఫైనల్ ఇయర్‌వాళ్ళు ల్యాబ్‌లో వదిలేసి పోయిన ప్రాజెక్టుని జూనియర్ కాపాడినట్టు. ఇలాంటి కథలు చెప్పండి, ఎంతసేపైనా వింటాను. గోడలు కట్టినవాళ్ళ కథ కూడా ఇదే గొంతుతో, ఇంత ఇష్టంగా చెప్పమంటున్నాను, అంతే.

మనవాళ్ళు ఉద్యోగాలకి అటు వెళ్తూనే ఉన్నారు, ఎవరో ఒకరికి పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. మే నెలలో వెళ్తే జనం తక్కువ, రెస్టారెంట్లలో పొయ్యి వెలిగించి ఉంటుంది, స్వెటర్ మాత్రం తీసుకెళ్ళండి. కారు నడిపేవాళ్ళకి ద్రాక్షరసమే. బబూటీతో షెనిన్ బ్లాంక్ బాగుంటుందని బావగారి మాట, నా మాట కాదు అమ్మా. కారం కావాలంటే అచార్ అడగండి, అడిగితేనే తెస్తారు. చేసిందెవరో కూడా అడగండి. ఆదివారమైతే తోటలకి బయల్దేరే ముందు బో-కాప్‌లో ఆగి కుసిస్టర్లు కొనుక్కోండి. తొందరగా వెళ్ళాలి, మేం పదింటికి వెళ్ళేసరికి పళ్ళెంలో మూడే మిగిలాయి.